తెలుగు పీడీఎఫ్‌లకు లేటెక్ సవరణలు

మార్క్‌డౌన్, రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్, ఆర్గ్ వంటి తేలికపాటి గుర్తుల భాషల్లో రాసిన పాఠాన్ని ఒక మార్పిడి పనిముట్టు లేటెక్‌లోకి మారుస్తుంది. ఆ లేటెక్ ఫైలును టెక్ ఇంజన్ పేజీలుగా కూర్చి పీడీఎఫ్ చేతికిస్తుంది. సాంకేతిక పత్రాలు, పరిశోధన గ్రంథాలు, పాఠ్యపుస్తకాలు, చిన్న పత్రికల ప్రత్యేక సంచికలు ఇప్పుడు ఈ దారిలో తయారవుతున్నాయి. ఈ గొలుసులో రచయిత రాసేది మొదటి ఫైలు ఒక్కటే. మధ్యలో పుట్టే లేటెక్ ఫైలును చాలామంది తెరిచి కూడా చూడరు. పేజీ కొలత, అక్షరరూపం, వరుసల మధ్య ఎడం, అధ్యాయ శీర్షికల తీరు, విషయసూచిక పేరు మాత్రం ఆ మధ్య ఫైలు మొదట్లో ఉండే ప్రియాంబుల్ అనే భాగంలోనే తేలిపోతాయి. అక్కడ ముందే పెట్టి ఉంచిన ఏర్పాట్లన్నీ రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఇంగ్లీషు పాఠానికి సవరణ సొగసు కోసం చేసే పని. తెలుగు పాఠానికి అది లేకపోతే అక్షరమే అచ్చు కాదు.

నేపథ్యం

డోనాల్డ్ క్నూత్ 1977లో తన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, అప్పటి ఫొటో టైప్‌సెట్టింగ్ నాణ్యత నచ్చక, సొంతంగా అక్షరాలు కూర్చే ప్రోగ్రాం రాయడానికి పూనుకున్నారు. అదే టెక్. దాని మీద లెస్లీ లాంపోర్ట్ 1980లలో లేటెక్‌ను కట్టారు. 1994లో వచ్చిన లేటెక్ 2ఈ నేటికీ వాడుకలో ఉంది. ‘ఇది అధ్యాయం’, ‘ఇది అధోజ్ఞాపిక’ అని చెప్పడం వరకే రచయిత వంతు, అది ఎంత లావున ఎక్కడ పడాలన్నది వేరే చోట నిర్ణయించుకోవాలన్నది లాంపోర్ట్ పద్ధతి. తర్వాత వచ్చిన మార్పిడి పనిముట్లన్నీ ఈ విభజన మీదే బతుకుతున్నాయి.

తెలుగు టెక్ గడప తొక్కడం చాలామంది అనుకునే కంటే ముందే జరిగింది. 1990ల ఆరంభంలో ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణ్‌కుమార్‌లు మెటాఫాంట్‌తో అక్షరాలు గీసి ‘తెలుగుటెక్’ను తయారుచేశారు. అదే రోజుల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ‘రిట్’ అనే లిప్యంతరీకరణ సాధనాన్ని రూపొందించారు. రోమన్ అక్షరాల్లో కొట్టిన తెలుగును రిట్ తెలుగుటెక్‌కు అందిస్తే కాగితం మీద చక్కటి తెలుగు పడేది. ప్రవాసాంధ్ర విద్యార్థులకు అప్పట్లో అదొక పండగ. లోటల్లా ఒకటే. దాచిపెట్టిన ఫైలులో ఉన్నది తెలుగు కాదు, రోమన్ లిపి. అచ్చయిన పేజీలో ఉన్నవి బొమ్మల చుక్కలు. వెతకడానికి, మళ్లీ వాడుకోవడానికి రెండూ పనికిరావు.

ఆ చిక్కు విడిపోవడానికి రెండు సంగతులు కలిసొచ్చాయి. మొదటిది, 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరకడం. రెండోది, 2004లో జోనాథన్ క్యూ విడుదల చేసిన జీటెక్. ఇది యూనికోడ్ పాఠాన్ని నేరుగా చదువుతుంది, కంప్యూటర్‌లో ఉన్న ఓపెన్‌టైప్ ఫాంట్లను నేరుగా వాడుకుంటుంది. 2013 నుంచి ఇది అక్షర సంయోజనానికి హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీని వాడుతోంది. ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఒత్తులను పేర్చేది కూడా అదే. ఇంకో శాఖ అయిన లువాటెక్‌కు హార్ఫ్‌బజ్ జోడించిన రూపం టెక్ సాఫ్ట్‌వేర్ మూట అయిన టెక్‌లైవ్ 2020 కూర్పుతో అందరికీ అందింది. ఈనాడు తెలుగుకు వాడదగిన ఇంజన్లు ఈ రెండే. పాతదైన పీడీఎఫ్‌టెక్ తెలుగుకు పనికిరాదు.

గౌలిగూడ పరిసరాలు

ఈ ఇంజన్లు కూర్చాల్సిన తెలుగు పాఠం ఎలాంటి అచ్చు లోకం నుంచి వస్తుందో కూడా చూడాలి. హైదరాబాదులో తెలుగు అచ్చు చరిత్ర చెప్పుకోవాలంటే మూసీకి ఉత్తరాన గౌలిగూడ, సుల్తాన్‌బజార్, కోఠి కలిసే ఆ కాస్త మేరలో తిరగక తప్పదు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 సెప్టెంబరు 1న, అప్పటికి రెసిడెన్సీ బజారుగా పిలిచే సుల్తాన్‌బజార్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావే 1906లో ఇదే ఊళ్లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ఏర్పాటుకు ముందు నిలిచారు. మండలి తర్వాత మద్రాసుకు తరలింది. అక్కడ ఆయన తలకెత్తుకున్న ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పూర్తికాకుండానే 1923లో కన్నుమూశారు. మూడేళ్ల తర్వాత, 1926లో, సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. గౌలిగూడకు కూతవేటు దూరంలో అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, మూసీ దాటితే పెళ్లిపత్రికలకూ ఉర్దూ అందమైన చేతిరాత రాసే ఖుష్‌నవీసులకూ పేరుపడ్డ ఛత్తాబజార్, నాంపల్లి వైపు వెళ్తే పబ్లిక్ గార్డెన్స్‌లో 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం: ఇదంతా పుస్తకాల దారే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు ఉండనే ఉంది.

హైదరాబాదు డీటీపీ పని కొన్ని దశాబ్దాలుగా పేజ్‌మేకర్, అను ఫాంట్ల జోడీ మీద నడిచింది. తెర మీద ‘అ’ కనబడుతుంది కానీ, ఫైలులో దాచింది ఏదో ఇంగ్లీషు అక్షరపు సంఖ్య. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని రోమన్ ముద్ద. అలా కొట్టించిన పాఠాన్ని మార్క్‌డౌన్ దారిలోకి తేవాలంటే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్పిడి సాధనాలు ఉన్నాయి గానీ, ఒత్తుల దగ్గర, అరసున్న దగ్గర, ఇంగ్లీషు మాట కలిసిన ప్రతిచోటా కళ్లతో దిద్దుకోవలసిందే. పాత ఫైలు చేతిలో ఉన్న ప్రచురణకర్తకు అసలు ఖర్చు ఇక్కడే. లేటెక్ సవరణ ఆ తర్వాతి సంగతి.

సవరణకు మూడు తలుపులు

మార్పిడి పనిముట్లలో ఎక్కువ వాడుకలో ఉన్నది ప్యాండాక్. బర్కిలీ తత్వశాస్త్ర ఆచార్యుడు జాన్ మెక్‌ఫార్లేన్ దీన్ని 2006లో విడుదల చేశారు. ప్యాండాక్‌తో తెలుగు మార్క్‌డౌన్ ఫైలును ఏ సవరణా లేకుండా పీడీఎఫ్ చేయమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతుంది. ‘యూనికోడ్ అక్షరం అ, సంఖ్య 0సీ05, లేటెక్‌కు సిద్ధం చేసి లేదు’ అనే అర్థం వచ్చే దోషసందేశం కనబడుతుంది. కారణం, మనం ఏదీ చెప్పకపోతే ప్యాండాక్ ఎంచుకునే ఇంజన్ పీడీఎఫ్‌లేటెక్ కావడం. ఇంజన్‌ను జీలేటెక్‌గానో లువాలేటెక్‌గానో, అంటే జీటెక్ లేదా లువాటెక్ మీద నడిచే లేటెక్‌గా, మారిస్తే ఆ సందేశం పోతుంది. అక్షరాలు మాత్రం ఇంకా రావు, ఎందుకంటే మొదటి నుంచీ ఉన్న లాటిన్ మోడర్న్ ఫాంటులో తెలుగు లేదు.

అక్కడి నుంచి మూడు తలుపులున్నాయి. మొదటిది ఫైలు తలమీద రాసే వివరాలు: ప్రధాన ఫాంటు, కాగితం కొలత, అంచులు, అక్షర పరిమాణం, వరుసల ఎడం, భాష. ఇవి చాలావరకు సరిపోతాయి. రెండోది, ప్రియాంబుల్‌లో చేర్చమని ఇచ్చే సొంత లేటెక్ ముక్క. శీర్షికల రూపం, పేజీ తలకట్టు వంటివి ఇక్కడ మారుతాయి. మూడోది లేటెక్ ఫైలుకు మూసగా ఉండే టెంప్లేట్ మొత్తాన్నీ మార్చడం. ప్యాండాక్ తన టెంప్లేట్‌ను అడిగితే కక్కి పెడుతుంది; దాన్ని దాచుకుని దిద్దుకోవచ్చు. చాలామంది మూడో తలుపు దగ్గరికే పరుగెడతారు. అది తొందరపాటు. ప్యాండాక్ కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా టెంప్లేట్ మారుతుంది, పాతది పట్టుకున్నవాడికి అర్థంకాని దోషాలు మొదలవుతాయి. మొదటి రెండు తలుపులతో పని కాదని తేలాకే మూడోది. పాఠంలోని ఏదో ఒక రకం భాగాన్ని మాత్రమే వేరుగా చూపాలంటే, ఉదాహరణకు పద్యాలను లోపలికి జరపాలంటే, లువా భాషలో రాసే ఫిల్టర్లున్నాయి. అవి 2017లో వచ్చిన ప్యాండాక్ 2 నుంచి ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ పత్రాలకు పేరుపడ్డ స్ఫింక్స్ (జార్జ్ బ్రాండల్, 2008) దారి కొంచెం వేరు. దాని అమరిక ఫైలులో లేటెక్ అంశాల పట్టీ ఒకటుంటుంది. ఫాంట్ల ఏర్పాటుకు ఒక గది, ప్రియాంబుల్‌కు ఒక గది, కాగితానికి ఒక గది. గ్రీకు, చైనీస్ అయితే తానే జీలేటెక్‌కు మారుతుంది, జపనీస్‌కు వేరే ఇంజన్ పట్టుకుంటుంది. తెలుగుకు ఆ దయ లేదు, మనమే చెప్పాలి. స్ఫింక్స్ పీడీఎఫ్ తీసినవాళ్లకు మొదట కొట్టొచ్చినట్టు కనబడేది ఖాళీ పేజీలు. ప్రతి అధ్యాయమూ కుడిచేతి పేజీలోనే మొదలవ్వాలన్న పుస్తక నియమం వల్ల అవి వస్తాయి. ఎటువైపైనా మొదలవ్వొచ్చు, ఒకవైపు ముద్రణే అని లేటెక్ పత్ర తరగతి (క్లాస్) ఎంపికల్లో చెబితే పోతాయి. ఆర్గ్ మోడ్, డాక్సిజన్, జూపిటర్ నోట్‌బుక్, క్వార్టో కూడా ఇవే సౌకర్యాలను వేరే పేర్లతో ఇస్తాయి. ఒకదాంట్లో సిద్ధం చేసుకున్న ప్రియాంబుల్ ముక్క చాలావరకు ఇంకోదాంట్లోనూ పనిచేస్తుంది కాబట్టి వాటి గురించి వేరేగా చెప్పుకోనక్కర్లేదు.

అక్షరం దగ్గర

ఫాంట్ల ఏర్పాటుకు జీలేటెక్, లువాలేటెక్ రెండింటిలోనూ వాడేది ఫాంట్‌స్పెక్ ప్యాకేజీ. ఫాంటు పేరు చెప్పడంతో పని అయిపోదు. లిపి తెలుగు అని కూడా చెప్పాలి. చెప్పకపోతే ఒత్తులు కిందికి దిగక, పొల్లులు విడివిడిగా నిలబడే ప్రమాదం ఉంది. లువాలేటెక్‌లో అయితే రెండరింగ్ హార్ఫ్‌బజ్‌తో చేయమనడం మేలు.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి గౌలిగూడ చుట్టుపక్కల పేర్లు మంచి పరీక్షపత్రం. ‘గౌలిగూడ’ అన్న మాట మాత్రం పరీక్షకు పనికిరాదు. ఒక్క ఒత్తూ లేదు, ఏ అమరికలోనైనా బాగానే కనబడుతుంది. ‘నాంపల్లి’లో ల కింద ల ఒత్తు దిగిందా లేదా తెలిసిపోతుంది. ‘ఆబిడ్స్’లో డ మీద పొల్లు, డ కింద స ఒత్తు రెండూ ఒకేసారి నిలవాలి; కొన్ని ఫాంట్లు ఇక్కడ తడబడవచ్చు. ‘శ్రీకృష్ణదేవరాయ’లో శ్రీ, కృ, ష్ణ మూడూ మూడు రకాల పరీక్షలు. ‘రాష్ట్ర’లో ష కింద ట, ఆ పక్కన ర: రెండు ఒత్తులు కొట్టుకోకుండా పడాలి. ఇక ‘సుల్తాన్‌బజార్’, ‘అఫ్జల్‌గంజ్’ వంటి ఉర్దూ పేర్లలో పొల్లు తర్వాత హల్లు వస్తుంది. న్ తర్వాత కలపనివ్వని గుర్తు ఒకటి, కంటికి కనబడనిది, యూనికోడ్‌లో 200సీ, ఉండి తీరాలి. అది పోతే న కింద బ ఒత్తు చేరి ‘సుల్తాన్బజార్’ అవుతుంది. ప్యాండాక్ ఆ గుర్తును పోగొట్టదు. దాన్ని పోగొట్టేవి సాధారణంగా ‘శుభ్రం చేసే’ స్క్రిప్టులు, వర్డ్ నుంచి అతికించే దారులు. సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ అని పేజీకి పదిసార్లు రాసే సాంకేతిక పత్రాల్లో ఈ ఒక్క గుర్తు చేసే గొడవ ఇంతా అంతా కాదు.

ఫాంట్ల విషయంలో ఇప్పుడు పేదరికం లేదు. దేశికాచార్యులు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తొలి రోజుల్లో చాలామంది అవసరం తీర్చాయి. 2012లో తిరుపతిలో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన నాటికి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర సంస్థ పూనికతో మరికొన్ని స్వేచ్ఛా ఫాంట్లు వచ్చాయి: మండలి, రామభద్ర, గురజాడ, గిడుగు, ధూర్జటి, పెద్దన వంటివి. వీటిలో ‘సురవరం’ గోలకొండ పత్రిక సంపాదకుడి పేరు మీద ఉన్నదే. గూగుల్ వారి నోటో తెలుగు వీటికి తోడు.

వీటిలో చాలావాటికి ఒకే బరువు ఉంది. బొద్దు రూపం లేదు. లేటెక్ శీర్షికలన్నిటినీ బొద్దుగా అడుగుతుంది, దొరక్కపోతే మామూలు రూపమే పెట్టి లాగ్ ఫైలులో ఒక మాట రాసి ఊరుకుంటుంది. ఫలితంగా శీర్షికకూ పాఠానికీ తేడా తెలియని పుస్తకం వస్తుంది. కృత్రిమంగా బొద్దు చేయమని ఫాంట్‌స్పెక్‌కు చెప్పొచ్చు గానీ, తెలుగు సున్నలూ తలకట్లూ పూడిపోయి ముద్దగా కనబడతాయి. పాఠానికి మండలి, శీర్షికలకు రామభద్ర అని రెండు ఫాంట్లు పెట్టుకోవడమే ఉత్తమం. లేదా తొమ్మిది బరువులున్న నోటో సెరిఫ్ తెలుగు. మార్క్‌డౌన్‌లో నక్షత్రం గుర్తుల (*) మధ్య పెట్టిన మాటను లేటెక్ వాలు అక్షరాల్లోకి పంపుతుంది. తెలుగు అచ్చుకు వాలు అక్షరాల సంప్రదాయం లేదు, ఫాంట్లలోనూ ఉండవు, కాబట్టి ఆ నొక్కి చెప్పడం గాలికి పోతుంది. ఆ ఆదేశాన్ని బొద్దుకో వేరే రంగుకో మళ్లించుకోవాలి.

అన్నిటికంటే మోసకారి సంగతి మరొకటి. ఎంచుకున్న ఫాంటులో ఏదైనా అక్షరం లేకపోతే టెక్ ఆగదు. పీడీఎఫ్ తయారవుతుంది, ఆ అక్షరం ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది లేదా ఒక పెట్టె పడుతుంది, ‘అక్షరం లేదు’ అన్న వరుస మాత్రం లాగ్‌లో పడి ఉంటుంది. పాత తెలుగు ఫాంట్లు కొన్నిటిలో రోమన్ అక్షరాలే ఉండవు. ప్రధాన ఫాంటును తెలుగు చేశాక కూడా, ప్రోగ్రాం కోడ్ కోసం వాడే సమాన వెడల్పు ఫాంటు లాటిన్ మోడర్నే ఉండిపోతుంది. కోడ్‌లో రాసిన తెలుగు వ్యాఖ్యలు మాయమవుతాయి. పుస్తకం ప్రెస్సుకు వెళ్లే ముందు లాగ్‌లో ఆ మాట వెతకని వాళ్లను దేవుడే కాపాడాలి. లువాలేటెక్‌లో ఒక ఫాంటులో లేని అక్షరానికి మరో ఫాంటును వెతుక్కొమ్మని వరుసగా చెప్పే వీలుంది. జీలేటెక్‌లో అయితే పాలీగ్లాసియా లేదా బేబెల్ ప్యాకేజీతో భాషలవారీగా ఫాంట్లు కేటాయించుకోవాలి.

వరుసలు, పేజీ

లేటెక్‌లో పది పాయింట్ల అక్షరానికి పన్నెండు పాయింట్ల వరుస. రోమన్ లిపికి అది హాయిగా ఉంటుంది. తెలుగులో గుడులూ తలకట్లూ పైకి, ఒత్తులు కిందికి వెళ్తాయి. పై వరుస ‘ష్ట్ర’ కింది వరుస ‘శ్రీ’ తలమీద కూర్చుంటుంది. వరుసల ఎడాన్ని మూడో వంతు వరకూ పెంచితే గానీ పేజీ ఊపిరి పీల్చుకోదు. ప్యాండాక్‌లో ఇది ఒక్క విలువ మార్పు.

వరుస విరుపు ఇంకో పెద్ద సంగతి. సంధులూ సమాసాలూ విభక్తులూ అతుక్కుని తెలుగు మాట చాలా పొడుగవుతుంది. విరవడానికి చోటు తెలియకపోతే టెక్ మాటను అంచు దాటించేస్తుంది, లేదా మాటల మధ్య బారెడు ఖాళీలు వదులుతుంది. టెక్‌లైవ్‌లో తెలుగు విరుపు నమూనాలున్నాయి. సంతోష్ తొట్టింగల్ భారతీయ భాషలకు తయారుచేసిన వాటిలో భాగం. భాష తెలుగు అని చెబితేనే అవి పనిలోకి దిగుతాయి. గుణింతం పూర్తయ్యాకే విరుస్తాయి, హల్లునూ దాని ఒత్తునూ విడదీయవు. ప్యాండాక్ టెంప్లేట్ అదనంగా మూడు ‘ఎమ్’ల మేర సాగుబాటు ఇచ్చి ఉంచుతుంది, అదీ కొంత ఆదుకుంటుంది. విరిచిన చోట అడ్డగీత ఉండాలా వద్దా అన్నది ప్రచురణకర్త ఇష్టం. మన పాత అచ్చు పుస్తకాలు చాలావరకు గీత లేకుండానే విరిచాయి. పాఠకుడు ఏమీ ఇబ్బంది పడలేదు.

కాగితం మరొకటి. లేటెక్ మామూలు తరగతులు అమెరికా లెటర్ కొలతకు అలవాటు పడ్డవి. పరిశోధన గ్రంథానికి ఏ4 కావాలి. పుస్తకానికి ప్రెస్సు అడిగేది 1/8 డెమ్మీ, అంటే దాదాపు 5.5, 8.5 అంగుళాలు. జామెట్రీ ప్యాకేజీకి ఈ కొలతలు, కుట్టు వైపు కాస్త ఎక్కువ అంచు ఇస్తే చాలు.

అకారాది

విజ్ఞాన సర్వస్వానికైనా నిఘంటువుకైనా పదసూచిక ప్రాణం. లేటెక్‌తో వచ్చే పాత మేక్‌ఇండెక్స్ పదాలను అంకెల వరుసలో పేరుస్తుంది, వర్ణమాల వరుసలో కాదు. యూనికోడ్‌లో ర, ఱ, ల, ళ, వ, శ, ష, స, హ అన్న క్రమం ఉంది. మన వర్ణమాలలో ళ, ఱ చివరికి వెళ్తాయి. అంకెల వరుస పాటిస్తే ‘ళ’తో మొదలయ్యే మాటలు ‘వ’ కంటే ముందు పడతాయి. అంతకంటే ఎక్కువగా, మాట మధ్యలో ళ ఉన్న చోట క్రమం చెదురుతుంది. ‘కళ’ వచ్చాక ‘కవి’ వస్తుంది. సంప్రదాయ నిఘంటువు చూసే అలవాటున్న కన్ను ‘కవి’ని ముందు వెతుకుతుంది. క్ష ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తగువు. క్రమాన్ని మనమే నిర్వచించుకునే వీలున్న జిండీ వంటి సాధనం వాడితే ఇది తీరుతుంది. ఈ ఒక్క భాగానికి మాత్రం తెలుగువాళ్లు కూర్చుని ఒక ప్రామాణిక క్రమ ఫైలు తయారుచేసుకోవడం మంచిది. ఎవరికి వారు రాసుకుంటూ పోతే సర్వస్వానికో అకారాది అవుతుంది.

పీడీఎఫ్ లోపలి పాఠం

కంటికి చక్కగా కనబడే పీడీఎఫ్‌లో ‘నాంపల్లి’ అని వెతికితే దొరకకపోవచ్చు. పీడీఎఫ్‌లో ఉండేది ఫాంటులోని ఆకారాల వరుస. ఒత్తులు, గుణింతాలు వేరే ఆకారాలుగా మారాక అసలు యూనికోడ్ వరుస తిరిగి కట్టడం పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. నకలు తీసి అతికిస్తే అక్షరాలు తారుమారవుతాయి. దీనికి మందు అసలు పాఠాన్ని ఆకారాల వెనకే దాచిపెట్టడం. జీటెక్‌లో ఒక చిన్న ఆదేశంతో ఇది జరుగుతుంది. లువాటెక్ హార్ఫ్‌బజ్ దారిలో చెప్పకుండానే జరుగుతుంది. ఫైలు కాస్త బరువవుతుంది. అంతర్జాలంలో పెట్టే పుస్తకాలకు, గ్రంథాలయ భాండాగారాలకు ఇది తప్పనిసరి అనే అనాలి.

వికీపీడియా కూడా కొంతకాలం లేటెక్ దారిలో నడిచింది. 2014 నుంచి 2017 వరకు అందులో ‘పీడీఎఫ్‌గా దింపుకోండి’ అన్న లంకె నొక్కితే వెనక వ్యాసం లేటెక్‌గా మారి జీలేటెక్ గుండా పీడీఎఫ్ అయ్యేది. పట్టికలు, విచిత్రమైన మూసలు లేటెక్‌లోకి సాఫీగా రాకపోవడంతో దాన్ని పక్కనపెట్టి బ్రౌజర్ ఇంజన్‌తో పీడీఎఫ్ తీసే పద్ధతికి మళ్లారు. అందులో పేజీ అందం తగ్గింది, కానీ ఏ భాషకైనా విడిగా సవరణ అక్కర్లేకుండా పోయింది. 2023లో అందరి చేతికీ వచ్చిన టైప్‌స్ట్ అనే పనిముట్టు కూడా లేటెక్ బరువు లేకుండా పీడీఎఫ్ కూర్చాలని చూస్తోంది. ప్యాండాక్ ఇప్పుడు అటువైపు కూడా పాఠాన్ని పంపగలదు.

అచ్చుకు వెళ్లేటప్పుడు టెక్ పీడీఎఫ్‌కు ఒక సుగుణం ఉంది: వాడిన ఫాంటు అక్షరాలు ఫైలులోనే ఇమిడి ఉంటాయి, ప్రెస్సులో ఆ ఫాంటు లేదన్న పేచీ రాదు. ప్రెస్సు చూసేది ఇంకోటి, ఫారాల లెక్క. 1/8 డెమ్మీలో ఫారానికి పదహారు పేజీలు. అధ్యాయాలను కుడి పేజీలోనే మొదలుపెట్టడం వల్ల వచ్చిన ఖాళీలు, పెంచిన వరుసల ఎడం కలిసి పుస్తకం ఫారం దాటి రెండు పేజీలు మిగిలితే ఆ రెండు పేజీలకూ డబ్బు కట్టాలి. ఎడాన్ని ఒక పిసరు తగ్గించి మళ్లీ పీడీఎఫ్ తీయడానికి ప్యాండాక్‌కు పట్టేది కొద్ది సెకన్లే. పేజ్‌మేకర్‌లో అయితే అన్ని పేజీలూ మళ్లీ సర్దుకోవాలి.